ఆశీర్వదించకూడని కాకరపాదు

సేవలోకి కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ వందనాలు.

నన్ను అందరూ రిటైరైన పాస్టరుగారు అంటున్నారు. నేను రిటైరవలేదు, నా గొంతు రిటైరైంది. మైకు పాడైన ప్రతి ఆదివారం మైకు పని కూడా అదే చేసింది కనుక నాకంటే ముందు దానికి సెలవివ్వాల్సి వచ్చింది. డాక్టరు నా నోట్లోకి టార్చి వేసి చూసి, "ఇందులోంచి ఓడలేమైనా వెళ్తుంటాయా?" అన్నాడు. అనలేదు లెండి. అన్నట్టు ముఖం పెట్టాడు. నేను ఏది చెప్పినా ఇలా కొంచెం గాలి కొట్టి చెబుతాను. మా ఆవిడ పక్కనుంటే సూదితో పొడిచి ఆ గాలి తీస్తూ ఉంటుంది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆవిడ ఎదురుగానే కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. కాబట్టి ధైర్యంగా చదవండి.

మొన్న యువజన కూటంలో మీరందరూ అడిగారు, సునామీ రోజుల్లో సేవ ఎలా చేశారు, అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది అని. చెయ్యలేకపోయిన రోజుల సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. అందుకని అదే చెబుతున్నాను.

అప్పట్లో నేను సముద్రం మధ్య దీవుల్లో, హాడో అనే రేవు ఊళ్ళో ఉండేవాణ్ణి. రేవుకి ఎగువన, గవర్నమెంటు క్వార్టర్స్ వెనక, రేకుల కప్పు వేసిన మందిరం మాది. నేను ఎక్కడ చెప్పినా వెయ్యిమంది పట్టే మందిరం అంటాను. మా ఆవిడ ఉంటే వందమంది అంటాను. పోర్టులో పనిచేసేవాళ్ళు, టీచర్లు, జంగ్లీఘాట్ నుంచి వచ్చే చేపలోళ్ళ కుటుంబాలు, వండూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే రైతులు, వీళ్ళే మా సంఘం. పిల్లలు తెలుగు పాటని హిందీ అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళు. పాడేవాళ్ళు అనడం మర్యాద. మా సంఘం పాట ఎత్తుకుంటే రేవులో లంగరేసిన ఓడలు తమనెవరో పిలిచారనుకుని తిరుగు కూత వేసేవి.

గొంతు తర్వాత మా సంఘానికి ఇంకో గుణం ఉంది. స్తోత్రం. మీకు తెలుసు, మన మందిరాల్లో అయ్యగారు ఊపిరి పీల్చుకోడానికి ఆగితే చాలు, కింద నుంచి "స్తోత్రం!" అని వస్తుంది. మావాళ్ళు దాన్ని ఆవులింతలాగా అలవాటు చేసుకున్నారు. "వచ్చే ఆదివారం నీళ్ళ ట్యాంకు కడుగుతాం" అంటే "స్తోత్రం!" "గేటుకి అడ్డంగా స్కూటర్లు పెట్టకండి" అంటే "స్తోత్రం!" అనేసి మళ్ళీ అక్కడే పెట్టేవారు. పక్కింటి బెంగాలీ ఆయన ఆ మాటకి తెలుగులో 'అలాగే' అని అర్థమనుకున్నాడు. పోర్టు క్యాంటీనులో మావాళ్ళెవరో "దాదా, చాయ్ పీయేంగే?" అనడిగితే, చెయ్యి గుండెమీద పెట్టుకుని "స్తోత్రం" అన్నాడట. మా ఆవిడ దీనికి తలూపింది. ఇది నిజమే.

క్రిస్మస్ మర్నాడు ఆదివారం. ముందురోజు కట్టిన నక్షత్రం గుమ్మానికి ఇంకా వేలాడుతోంది. భూమి కదిలినప్పుడు ఆ నక్షత్రం అటూ ఇటూ ఊగడం చూశాను. తర్వాత రేవు వైపు నుంచి అరుపులు. ఆ ఉదయం గురించి మీరు చాలా విని ఉంటారు. సముద్రం గురించి పెంచి చెప్పడం నా వల్ల కాదు. అది అప్పటికే పెంచుకుని వచ్చింది.

ఆ వారమంతా, ఆ తర్వాత నెలలన్నీ నా పని ఒకటే, ప్రార్థన. దక్షిణం దీవుల నుంచి జనాన్ని ఎక్కించుకుని ఓడలు హాడో రేవుకి వచ్చేవి. నేను నిచ్చెన దగ్గర నిలబడేవాణ్ణి. స్కూళ్ళలో పెట్టిన క్యాంపులకెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత కట్టిన రేకుల షెల్టర్లకెళ్ళేవాణ్ణి. మధ్యాహ్నం వాటిలో నిలబడి ప్రార్థన చేస్తే ఆమెన్ అనేసరికి మనిషి అప్పడమైపోయేవాడు. తప్పిపోయిన తమ్ముడి కోసం, మేక కోసం, ఫోను కలవాలని, వాంతులు ఆగాలని, దేనికైనా "అయ్యగారూ, ఒక్క ప్రార్థన." ఎవరి తలమీద చెయ్యి పెట్టానో చూసుకోవడం కూడా మానేశాను. ఒకసారి క్యాంపులో కళ్ళు తెరిచి చూస్తే నా చెయ్యి బియ్యం బస్తామీద ఉంది. బస్తా పక్కన కూర్చున్న ముసలామె పాపం తల వంచుకుని ఎదురుచూస్తోంది.

కార్ నికోబార్ ఓడలోంచి ఒకాయన దిగాడు. పెద్దాయన. చేతిలో సంచీ లేదు, మనుషులెవరూ వెంట లేరు. తలుపు గొళ్ళెం ఒకటి ఉంది. ఇల్లు కొట్టుకుపోయాక చేతికి దొరికింది అదేననుకుంటాను. "పాదరీ సాబ్, దువా కరో" అని ఆ గొళ్ళెం నా ముందుకి చాపాడు. దానిమీద చెయ్యి పెట్టి నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. అయిపోయాక ఆయన ఇంకేదో ఉంటుందన్నట్టు అలాగే నిలబడ్డాడు. వెనకాల లైను ఉంది. నేను పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళాను.

అలసట సంగతి చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. ఒక ఆదివారం పెద్ద ప్రార్థనలో, నిలబడి, కళ్ళు మూసుకుని, చేతులు పైకెత్తి నిద్రపోయాను. గుర్రాలే కదా అలా నిద్రపోతాయి. ఆ రోజు నేనూ గుర్రాన్నయ్యాను. సంఘమంతా ఎదురుచూసింది. అయ్యగారు ఆత్మలో ఉన్నారనుకుని కొందరు ఏడ్చారు కూడా. ఆఖరికి మా సంఘపెద్ద గట్టిగా "స్తోత్రం!" అనేసరికి ఉలిక్కిపడి లేచాను. ఆయన పోర్టులో క్రేను నడిపేవాడు. ఇంజను మోతమీద మాట్లాడి మాట్లాడి, పక్కవాడి చెవిలో రహస్యం చెప్పినా పక్క దీవి ఛాథమ్ దాకా వినపడేది. కూటం అయ్యాక ఆయన నా చేతులు పట్టుకుని, "ఇవాళ్టి మౌన ప్రార్థన ఉంది చూశారూ, అలాంటిది ఇంతవరకూ చెయ్యలేదు అయ్యగారూ!" అన్నాడు.

ఇక్కణ్ణుంచి పెంచి చెప్పను.

మా సంఘంలో చేపలమ్మే ఒకావిడ ఉండేది. హాడో అంతా ఆవిణ్ణి దీదీ అనే పిలిచేవారు, ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా. చేపల బుట్ట మందిరం గుమ్మం బయట పెట్టి, లోపలికొచ్చి, ఆడవాళ్ళ వైపు చాపమీద మొదటి వరసలో కూర్చునేది. నా ప్రసంగం ఆలస్యమైతే బుట్ట వైపు చూసేది. నేను ముగించేసేవాణ్ణి. నాకు గడియారం ఆవిడే. ఆవిడ భర్త డుంగీ మీద, అంటే మా దీవుల్లో చిన్న పడవని అలా అంటాం, హట్‌బే వైపు వేటకెళ్ళాడు. తిరిగి రాలేదు. నెలల తరబడి ప్రతి ఓడకీ ఆవిడ రేవుకొచ్చేది. నేనూ అక్కడే ఉండేవాణ్ణి గనక పలకరించుకునేవాళ్ళం. "రేపటి ఓడలో ఒస్తాడేమో అయ్యగోరూ" అనేది. తర్వాత గవర్నమెంటువాళ్ళు ఇక దొరకనివాళ్ళందరూ పోయినవాళ్ళ కిందే లెక్క అన్నారు. జ్ఞాపకార్థ కూటం పెట్టి ఆ మాట సంఘానికి నేను చెప్పాలి.

ఆదివారం పుల్పిట్ దగ్గర నిలబడ్డాను. "మన దీదీగారి భర్త, మనందరికీ తెలిసిన మనిషి, ఇక తిరిగి రారని..." అన్నాను. ఆగాను.

నేను ఆగాను కదా.

"స్తోత్రం!" అంది మందిరమంతా.

ఎవరూ కావాలని అనలేదు. అన్న మరుక్షణం అందరి ముఖాలూ మాడిపోయాయి. సంఘపెద్ద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. దీదీ లేచింది. తొందరేమీ లేకుండా చీర సర్దుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, బుట్ట నెత్తికెత్తుకుని, వెనక్కి తిరిగి నన్నే అడిగింది.

"దేనికి స్తోత్రం, అయ్యగోరూ?"

జవాబు కోసం ఆవిడ ఆగలేదు. ఆ తర్వాత ఆదివారాలు ఆవిడ మందిరానికి రాలేదు.

ఆవిడతో పాటు ఇంకోటి కూడా వెళ్ళిపోయింది. అన్నం ముందు కూర్చుని కళ్ళు మూసుకుంటే మాటలు రావడం మానేశాయి. వస్తే మాత్రం క్యాంపులో వాడిన మాటలే, అరిగిపోయినవే, నోట్లోంచి జారేవి. "ఈ గృహమును ఆశీర్వదించి" అంటున్నాను పప్పు గిన్నె ముందు. మా ఆవిడ కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "ఏవండీ, ఒంట్లో బాలేదా?" అంది. బాగానే ఉందన్నాను.

ఆ తర్వాత ఒక కుటుంబం బిడ్డని ప్రతిష్ఠించడానికి తెచ్చారు. షెల్టరులో పుట్టిన బిడ్డ, తెల్ల గౌను తొడిగారు. బిడ్డని ఎత్తుకుని, నోరు తెరిచాను. ఏమీ లేదు. గొంతులో అడ్డం కాదు తమ్ముళ్ళూ, అడ్డం పడటానికి కూడా ఏమీ లేదు. బిడ్డ నా ముక్కు పట్టుకుని లాగింది. బిడ్డని తల్లికిచ్చి, మైకు సంఘపెద్ద చేతికిచ్చి, పక్క గుమ్మంలోంచి బయటికొచ్చేశాను. వెనకాల మైకులో సంఘపెద్ద గొంతు, "అరే, అయ్యగారేరీ?" అని హాడో అంతటికీ వినిపించింది.

సాయంత్రం ఆయన మా ఇంటికొచ్చాడు. మందిరం వెనకాల రెండు గదుల ఇల్లు. మా ఆవిడ టీ ఇచ్చింది. ఆయన గ్లాసు వైపే చూస్తూ, తన కొలతలో మెల్లగా, అంటే పక్క క్వార్టర్స్ వాళ్ళకి మాత్రమే వినపడేలా అన్నాడు.

"అయ్యగారూ, క్రేనుకి కూడా ఇంత లోడని ఉంటుంది. మించితే తాడు తెగుద్ది. తప్పు క్రేనుది కాదు, తాడుది కాదు. కానీ భయ్యా, సంఘాన్ని ఖాళీగా ఉంచలేం కదా. వైజాగ్ నుంచి ఓడొచ్చేలోపు చెప్పండి. నిలబడతానంటే సరే. లేదంటే వేరే అయ్యగారిని పంపమని మిషను వాళ్ళకి కబురు పెడతాం."

వేరే అయ్యగారొస్తే ఈ ఇల్లు ఆయనది. మా ఆవిడ టీచరు ఉద్యోగం ఇక్కడే. ఇవన్నీ సరే, నాకు వేరే పని రాదు. చిన్నప్పటి నుంచి నేను కావాలనుకున్నది ఇదొక్కటే. నిలబడతాను అందామని నోరు తెరిచాను. బిడ్డని ఎత్తుకున్నప్పుడు ఎలా తెరుచుకుందో అలాగే తెరుచుకుని ఊరుకుంది.

మా ఆవిడే చెప్పింది. "ఫెరార్గంజ్ వెళ్ళండి. పెద్దయ్యగారి దగ్గరికి."

పెద్దయ్యగారు నాకు ముందు హాడో సంఘాన్ని నడిపిన మనిషి. ఆ రేకులు ఎక్కించింది ఆయనే. వయసు మీదపడ్డాక ఫెరార్గంజ్‌లో రోడ్డు పక్క చిన్న తోట తీసుకుని వక్క, అరటి, ఇంటి ముందు పందిరిమీద కాకర పెట్టుకున్నాడు. బస్సు దిగి వెళ్ళేసరికి పందిరి కింద స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. నేనెందుకొచ్చానో అడగలేదు. మా ఆవిడ ఫోను చేసేసిందన్నమాట.

"ఏరా, అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"అబద్ధం. లోపలుంది, పెట్టుకో."

కంచం ముందు కూర్చున్నాను. అలవాటుగా కళ్ళు మూతపడ్డాయి. "ప్రభువా..." అన్నానో లేదో, వెనకాలే వచ్చిన పెద్దయ్యగారి గరిటె బల్లమీద టక్‌మంది.

"ఊఁహూఁ. నువ్వు చెయ్యకు."

"అదేంటండీ, అన్నం ముందు..."

"నేను చేస్తా. నువ్వు తిను. ఇక్కడున్నన్ని రోజులూ ప్రార్థన నా పని, అన్నం నీ పని. చెయ్యి విరిగినోడి చేత బిందె మోయిస్తామా?"

ఆయన ఒక్క ముక్కలో ప్రార్థన ముగించాడు. అంత చిన్న ప్రార్థన నేనెప్పుడూ వినలేదు. హాడోలో అయితే మావాళ్ళు అయ్యగారికి జ్వరమొచ్చిందనుకునేవారు.

మర్నాటి నుంచి నాకు పని చెప్పాడు. నూతిలోంచి నీళ్ళు తోడి కాకరపాదుకి పొయ్యాలి.

"పొయ్యి. కానీ దాన్ని ఆశీర్వదించకు."

"నేనెందుకు ఆశీర్వదిస్తానండీ!"

"నిన్న గుమ్మానికి చేశావు. నేను చూశాను. చెప్పులు విప్పుతూ గుమ్మమ్మీద చెయ్యేసి పెదాలు కదిపావు. పాపం దానికేమీ జబ్బు లేదు. పాదుకి నీళ్ళు చాలు."

నమ్మండి, నీళ్ళు పోస్తుంటే నా చెయ్యి దానంతటదే తీగమీదకి వెళ్ళేది. పెదాలు కదిలేవి. స్టూలుమీద నుంచి "ఊఁహూఁ" అని వినపడేది. ప్రార్థన రావడం లేదని పారిపోయి వచ్చినవాణ్ణి, ప్రార్థన ఆపలేకపోతున్నాను. నోటికి వచ్చేది వేరు, లోపల ఎండిపోయింది వేరు అని నాకు అప్పుడే తెలిసింది. నోటిని ఆపడానికే చాలా రోజులు పట్టింది. రాత్రి అన్నం తిని మంచమెక్కడం, తెల్లారి నీళ్ళు. ఎవరూ "అయ్యగారూ, ఒక్క ప్రార్థన" అనలేదు. తోటపని చేసే తమిళాయన నన్ను కొత్త కూలీ అనుకుని, "భయ్యా, బీడీ హై?" అన్నాడు. సంవత్సరాల తర్వాత నన్నెవరో మనిషిలా పలకరించారని నాకెంత సంతోషమేసిందంటే, బీడీ లేనందుకు సిగ్గుపడ్డాను.

ఒక మధ్యాహ్నం వాన. బకెట్టు వసారాలో పడేసి లోపలికి వెళ్ళబోయాను. గాలికి తలుపు మూసుకుపోయింది. తియ్యడానికి గొళ్ళెం పట్టుకున్నాను. తడిసి చల్లగా ఉంది. చేతిలో ఇనుము బరువు తెలిసింది. అంతే. కార్ నికోబార్ పెద్దాయన వచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది. ఆ రోజు ఆయన ఇంకేదో ఉంటుందన్నట్టు చూసిన చూపు, నేను లైను చూసి తిప్పుకున్న ముఖం. ఆ గొళ్ళెం పట్టుకునే వసారాలో కూలబడి ఏడ్చాను. ఆయన కోసం, దీదీ భర్త కోసం, బియ్యం బస్తా పక్కన తల వంచుకున్న ముసలామె కోసం. ఎంత ఏడ్చానంటే, వాన ఆగి నన్ను చూసింది. చిక్కుళ్ళ వైపు నుంచి ఏమీ అభ్యంతరం రాలేదు కనుక ఈ మాట ఉంచుతున్నాను.

పెద్దయ్యగారు లోపల్నుంచి తలుపు తీసి, నా పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. భుజంమీద చెయ్యి వెయ్యలేదు. వాక్యం చెప్పలేదు. ఇంతే అన్నాడు.

"ఆళ్ళందరి ఏడుపూ మోసుకొచ్చావు. నీది ఏడవలేదు."

"ఇప్పుడు ఏడ్చాను కదండీ. వెళ్ళి నిలబడనా? ఓడొచ్చే టైమైంది."

"నిలబడ్డానికి తొందరేంట్రా నీకు? వెళ్ళు. వెళ్ళి వెనక కూర్చో. మనవులు అడుగుతారు కదా, నువ్వు కూడా లేచి నీ మనవి చెప్పు. చెప్పి మళ్ళీ కూర్చో."

నాకు నవ్వొచ్చింది. మన మందిరాల్లో ప్రార్థన మనవులు అడిగేది అయ్యగారు. జనం ఒక్కొక్కరే లేచి ఒకరి మోకాలు నొప్పి, ఒకరి ట్రాన్స్‌ఫర్ చెబుతారు. అయ్యగారు అన్నీ కలిపి పైకి పంపుతారు. అయ్యగారే లేచి మనవి చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. డాక్టరు వచ్చి రోగుల లైనులో నిలబడ్డట్టు ఉంటుంది.

"అలా చెబితే మిషను వాళ్ళకి ఈ రోజే కబురెళ్తుందండీ. ఇల్లు, సంఘం అన్నీ పోతాయి."

"పోవచ్చు" అన్నాడాయన. ఇంకో మాట చెప్పి ధైర్యపరుస్తాడేమోనని చూశాను. ఆయన పందిరి దగ్గరికి వెళ్ళి లేత కాకరకాయలు కోసి నా సంచీలో పోశాడు. "మీ ఆవిడకివ్వు. వీటికి ఎవరి ప్రార్థనా తగల్లేదు, చేదు సరిగ్గా ఉంటుంది."

నేను లేని రోజుల్లో మా ఆవిడ జంగ్లీఘాట్‌లో చేపలకెళ్ళిందట. దీదీ ఆ రోజు కూడా మాట్లాడకుండానే చేప కోసిందట. డబ్బులిచ్చి వెళ్ళబోతుంటే వెనకనుంచి పిలిచిందట.

"అమ్మగోరూ, అయ్యగోరు కానరాడం నేదు. ఏటైనాడు?"

"ఫెరార్గంజ్‌లో కాకరపాదుకి నీళ్ళు పోస్తున్నారు దీదీ."

"పాదుకా? అయ్యగోరా?"

"ప్రార్థన చెయ్యకుండా పొయ్యాలట. చెయ్యనివ్వడం లేదట పెద్దయ్యగారు."

దీదీ చేప వదిలేసి నవ్విందట. భర్త పోయాక దీదీ అలా నవ్వడం మా ఆవిడ చూడలేదు. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఆయనకి గూడా ప్రార్థన అయిపోనాదేటి, నాకు నాగే?" అని, ఇంకో చిన్న చేప ఊరికే బుట్టలో వేసిందట. ఈ సంగతి మా ఆవిడ నాకు అప్పుడు చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. ఓడ మర్నాడు. నేను తెల్లచొక్కా వేసుకుని మందిరం వెనక, ముసలాళ్ళ కోసం వేసిన బెంచీమీద కూర్చున్నాను. ఇటు తిరిగి నన్ను చూసిన మెడలన్నీ మళ్ళీ అటు తిరగడానికి టైము పట్టింది. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో దీదీ ఉంది. గుమ్మం బయట బుట్ట ఉంది. మందిరమంతా చేపల వాసన. ఆ వాసన నాకెంత కావలసిందో లోపలికి అడుగుపెట్టేదాకా తెలియలేదు.

సంఘపెద్ద పుల్పిట్ దగ్గర నిలబడి ఆరాధన నడిపిస్తున్నాడు. "మనవులున్నవాళ్ళు చెప్పండి" అన్నాడు. ఒకాయనకి బి.పి. ఒకమ్మాయికి పరీక్షలు. వండూర్ నుంచి వచ్చిన రైతు, ఉప్పునీళ్ళు నిలిచిన పొలం ఈసారైనా పండాలన్నాడు. ప్రతిదానికీ "స్తోత్రం!"

నేను లేచాను. బెంచీ పట్టుకున్నాను.

"నాకూ ఒక మనవి ఉంది" అన్నాను. "నాకు ప్రార్థన రావడం లేదు. చాలా రోజులైంది."

అక్కడితో ఊపిరి అయిపోయింది. ఆగాను.

"స్తోత్రం!" అంది మందిరమంతా.

అవే మాడిపోయిన ముఖాలు. సంఘపెద్ద చెయ్యి మళ్ళీ నోటిమీదకి వెళ్ళింది. మా ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడు ముందు వరసలోంచి ఒక నవ్వు. దీదీ. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. లేచి నడుంమీద చెయ్యేసుకుని మందిరం వైపు తిరిగింది.

"ఓలమ్మో! నా మొగుడు పోనాడంటే స్తోత్రం, అయ్యగోరి ప్రార్థన పోనాదన్నా స్తోత్రమేనేటి మీకు! క్యా ఆద్మీ లోగ్ హై రే బాబూ!"

ఒక్కసారి కప్పు లేచిపోయింది. నేను పెంచడం లేదు, రేకులు మోగాయి. నవ్వుతూనే ఏడుస్తున్నారు. సంఘపెద్ద పుల్పిట్ పట్టుకుని భుజాలు అదురుతూ ఏడ్చాడు. ఆ రోజు నుంచి ఆ మాట గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగింది నేనొక్కణ్ణే కాదు, వందమంది. వెయ్యి అన్నా ఈసారి మా ఆవిడ ఒప్పుకుంటుంది.

దీదీ నా దగ్గరికి నడిచి వచ్చింది. పొలుసులంటిన చెయ్యి చీరకి తుడుచుకుని నా తలమీద పెట్టింది. బియ్యం బస్తాకి తెలిసి ఉంటుంది, ప్రార్థన చేసే చెయ్యి కింద ఎలా ఉంటుందో. నాకు మొదటిసారి.

"ప్రభువా," అంది, చేపల బేరం గొంతుతోనే, "ఈ అయ్యగోరు మాకోసం అరిసి అరిసి అలిసిపోనాడు. రేవు కాడ నానూ సూసాను. ఈయన మొకం సూడు, ఎండుసేప నాగుంది. ముందు ఈయనకి నిద్ర రప్పించు. ప్రార్థన తరవాత సూద్దాం. నీమీద నాకు కోపం ఇంకా తగ్గనేదు. అది అలగ్ బాత్. అది మనిద్దరం మాటాడుకుందాం. ఆమెన్."

ఆవిడ ఆగింది. ఎవరూ స్తోత్రం అనలేదు.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, మరి ఓడ... వాళ్ళకి..."

"ఓడలో ఎవులూ రానక్కర్నేదు" అంది దీదీ. "మన అయ్యగోరు కూకుంటారు. నిలబడ్డం ఆనక."

"కూర్చోండి అయ్యగారూ" అన్నాడు సంఘపెద్ద, ముక్కు తుడుచుకుంటూ. "వాక్యం నేను చదువుతా."

కూర్చున్నాను. ఆయన చదవడం మొదలుపెట్టడం గుర్తుంది. తర్వాతిది నేను చూడలేదు, మా ఆవిడ చెప్పింది. ఆవిడ పెంచి చెప్పే మనిషి కాదు. మొదటి పేజీ దాటకముందే నా తల గోడకి ఆనిందట. సంఘపెద్ద చూసి గొంతు తగ్గించాడట. ఆ క్రేను గొంతు తగ్గడం ఆయన భార్య కూడా అప్పుడే మొదటిసారి విందట. మధ్యలో అలవాటు తప్పలేక మావాళ్ళు స్తోత్రం అన్నారట, కానీ పెదాలతో, చప్పుడు లేకుండా. ఆఖరి పాట, రేవులో ఓడల్ని లేపే ఆ జనం, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా పాడారట. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగారట.

నేను కళ్ళు తెరిచేసరికి మందిరం ఖాళీ. చాపలు చుట్టేసి ఉన్నాయి. గుమ్మం దగ్గర దీదీ ఒక్కతే, మెట్టుమీద కూర్చుని, బుట్టమీద ఈగల్ని తోలుతోంది.

"లెగిసారా? సంఘపెద్ద నన్ను కాపలా ఉండమన్నాడు. నా సేపలన్నీ పాడైపోతన్నాయి మీ నిద్రకి."

"స్తోత్రం" అన్నాను. అనుకోకుండానే వచ్చేసింది.

దీదీ చెయ్యి బుట్టమీద ఆగింది. తల తిప్పి చూసింది.

"ఇప్పుడు దేనికి?"

ఈసారి జవాబు వెతుక్కోవాల్సి రాలేదు.

"నిద్ర పట్టింది కదా దీదీ."

ఆవిడ లేచి, బుట్ట నెత్తికెత్తుకుంది.

"అచ్ఛా. దానికైతే అనండి."